నెత్తురు తుడిచేదెవరు?

హారర్ సినిమాల గురించి నలుగురు మాట్లాడుకుంటుంటే పావుగంట తిరక్కుండా ఒక మాట వినిపిస్తుంది: “చూపించకుండా భయపెట్టేవాడే అసలైన దర్శకుడు.” ఆ మాట అన్నవాళ్ళు ‘సైకో’ని సాక్ష్యం తెచ్చుకుంటారు, ‘బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ని తెచ్చుకుంటారు. ఆ పక్కనే ఇంకొకడుంటాడు. పేగులు బయటపడకపోతే వాడికి టికెట్ డబ్బులు దండగ. మొదటివాళ్ళు వాడిని కాస్త చిన్నచూపు చూస్తారు. వాడు వీళ్ళని పిరికివాళ్ళంటాడు.

నాకు మాత్రం ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకటే కొలపాత్ర అనిపిస్తుంది. ఎంత రక్తం? ఒకరికి ఎంత తక్కువైతే అంత మంచిది, ఇంకొకరికి ఎంత ఎక్కువైతే అంత. పగలంతా కోడ్ రాసుకుని రాత్రిళ్ళు ఇలాంటి సినిమాలు చూసే అలవాటు నాకు ఇంజనీరింగ్ రోజుల నుంచీ ఉంది. చూసినకొద్దీ, వాటి చరిత్ర చదివినకొద్దీ, ఈ లీటర్ల లెక్కతో తేలేది ఏమీ లేదని అర్థమైంది. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. అదేమిటో చెప్పాలంటే ఆ చరిత్రలో కొన్ని మజిలీల దగ్గర ఆగాలి.

ఇంగ్లీషులో ఈ నెత్తురూ పేగుల వ్యవహారాన్నంతా కలిపి ‘గోర్’ అంటారు. పాత ఇంగ్లీషులో ఆ మాటకి మురికి, పేడ అని అర్థం. గడ్డకట్టిన రక్తం అనే అర్థం తర్వాత వచ్చింది. మన ‘ఘోరం’తో దానికి చుట్టరికమేమీ లేదు గానీ, వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి.

మనవాళ్ళు ఈ విషయంలో ఒక పని ఎప్పుడో చేసిపెట్టారు. భరతుడి నాట్యశాస్త్రం భయానకాన్నీ బీభత్సాన్నీ వేర్వేరు రసాలుగా లెక్కగట్టింది. ఒకదానికి స్థాయీభావం భయం, రెండోదానికి జుగుప్స. బీభత్సంలో మళ్ళీ రకాలు చెప్పింది. నెత్తురూ అలాంటివీ చూస్తే కలిగేది క్షోభజం. పురుగులూ మలమూ చూస్తే కలిగేది ఉద్వేగి. ఆరో అధ్యాయంలో ఇంకో మాట కూడా ఉంది. నాలుగు రసాల నుంచి మిగతా నాలుగు పుడతాయని చెప్తూ, బీభత్సం నుంచి భయానకం పుడుతుందంటాడు. చావునీ యుద్ధాన్నీ రంగస్థలం మీద నేరుగా చూపించొద్దన్నదీ ఆ గ్రంథమే.

ఈ విడదీయడం నాకు చాలా ఉపయోగపడింది. భయం రాబోయేదాని గురించి. తలుపు అవతల ఏముందో తెలియనప్పుడు అది ఉంటుంది. జుగుప్స కళ్ళముందు ఇప్పుడున్నదాని గురించి. తలుపు తెరిచి శవాన్ని చూపించగానే భయం తీరిపోతుంది, దాని స్థానంలోకి జుగుప్స వస్తుంది. ‘చూపించొద్దు’ అనేవాళ్ళ వాదనలో బలమంతా ఇక్కడే ఉంది. కానీ భరతుడు చెప్పిన వరస ఉల్టాగా ఉంది. జుగుప్స ముందు, భయం తర్వాత. నెత్తురు చూశాక భయం మొదలవడం ఎప్పుడు జరుగుతుంది? నా ప్రశ్న ఇదే.

*

నెత్తురుని టికెట్ పెట్టి చూపించడం సినిమాతో మొదలవలేదు. 1897లో ఓస్కార్ మెటెనియె అనే ఆయన పారిస్‌లో, ఒకప్పటి ప్రార్థనామందిరంలో, మూడొందల సీట్లు కూడా లేని చిన్న థియేటర్ తెరిచాడు. పేరు గ్రాన్ గిన్యోల్. ఆయన తర్వాత మాక్స్ మోరే దాన్ని పూర్తిగా భయానక నాటకాల ఇల్లుగా మార్చాడు. అక్కడ ఎక్కువగా రాసినవాడు ఆంద్రే ద లోర్ద్. ఐక్యూ పరీక్షలకు మూలపురుషుడైన మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ బినే ఆయనతో కలిసి కొన్ని నాటకాలు రాశాడంటే ఆశ్చర్యంగా ఉంటుంది. కళ్ళు పీకడం, గొంతు కోయడం, యాసిడ్ పోయడం, అన్నీ ప్రేక్షకుడికి నాలుగడుగుల దూరంలో జరిగేవి. మధ్యమధ్య హాస్యనాటికలు వేసేవాళ్ళు. వేడినీళ్ళు, చన్నీళ్ళు మార్చిమార్చి పోసినట్టు.

ఆ థియేటర్ 1962లో మూతపడింది. చివరి డైరెక్టరు షార్ల్ నోనో చెప్పిన కారణం గుర్తుపెట్టుకోదగ్గది. యుద్ధానికి ముందు వేదిక మీద చూసేదంతా లోకంలో జరగని పని అని జనం అనుకునేవాళ్ళట. నాజీల బూఖెన్‌వాల్డ్ క్యాంపు గురించి తెలిశాక అలా అనుకోవడం కుదరలేదట. గోర్ గురించిన చర్చంతా ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడికే వస్తుంది. తెర మీద చిందే రక్తానికీ బయట చిందే రక్తానికీ మధ్య ఉన్న గోడ ఎంత మందం?

హాలీవుడ్‌లో మాత్రం 1934 నుంచి ప్రొడక్షన్ కోడ్ గట్టిగా అమలైంది. ఏం చూపించకూడదో అందులో రాసి ఉండేది. 1942లో నిర్మాత వాల్ లూటన్, దర్శకుడు జాక్ టర్నర్ కలిసి ‘క్యాట్ పీపుల్’ తీశారు. రాత్రి ఒంటరిగా నడిచే అమ్మాయి, చెప్పుల చప్పుడు, ఊగే కొమ్మలు, ఉన్నట్టుండి పులి గాండ్రింపులా వినిపించి ఆగే బస్సు. ఇప్పటికీ పాఠంలా చెప్పుకునే సీను అది. కానీ లూటన్‌కి స్టూడియో ఇచ్చిన డబ్బు చాలా తక్కువ, పైన కోడ్ ఉంది. నీడల్లో దాచడం ముందు అవసరం, ఆ తర్వాత సౌందర్యం. ‘చూపించకపోవడమే కళ’ అని ఇవాళ మనం అంటున్నదాంట్లో సగం ఆనాటి పేదరికం, సెన్సారు కలిసి నేర్పిన విద్య. అందువల్ల దాని విలువేం తగ్గదు. అయితే దాన్ని సూత్రంగా పట్టుకుని మిగతా సినిమాల్ని కొట్టకూడదు.

*

1957లో ఇంగ్లండులో హామర్ ఫిల్మ్స్ ‘ద కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ని రంగుల్లో తీసింది. మరుసటేడు ‘డ్రాకులా’. బ్లాక్ అండ్ వైట్‌లో అప్పటిదాకా నల్లగా కనిపించిన రక్తం ఒక్కసారిగా ఎర్రబడింది. తర్వాతి దశాబ్దాల్లో ఒక రిటైరైన బ్రిటిష్ ఫార్మసిస్టు తయారుచేసిన నకిలీ రక్తానికి ‘కెన్సింగ్టన్ గోర్’ అని పేరుపెట్టారు. అది నిజానికి లండన్‌లో ఒక వీధి పేరు. అక్కడ గోర్ అంటే మూడుమూలల నేల. రక్తం అర్థం తెచ్చి తగిలించింది సినిమావాళ్ళు.

రంగు వచ్చేశాక కూడా హిచ్‌కాక్ 1960లో ‘సైకో’ని బ్లాక్ అండ్ వైట్‌లోనే తీశాడు. రంగుల్లో తీస్తే ఆ స్నానాలగది సీను భరించలేనిదిగా ఉంటుందన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి. రక్తంగా వాడింది చాక్లెట్ సిరప్. ఆ సీనుకి 78 కెమెరా సెటప్పులు, 52 కట్లు. ఏడు రోజుల షూటింగ్. కత్తి శరీరంలోకి దిగినట్టు మనకి అనిపిస్తుంది, చూపించేది మాత్రం దాదాపు ఏమీ లేదు. ఇదంతా అందరూ చెప్పుకునేదే.

దాని తర్వాత వచ్చేదాని గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. నార్మన్ వస్తాడు. చేతులు కడుక్కుంటాడు. తుడుపుకర్ర తెచ్చి టబ్బు తుడుస్తాడు, నేల తుడుస్తాడు, శవాన్ని కర్టెన్‌లో చుడతాడు, కారు డిక్కీలో పెడతాడు, ఊబిలోకి తోస్తాడు. నిమిషాల తరబడి ఒక మనిషి మాటల్లేకుండా ఇల్లు శుభ్రం చేసుకోవడం చూస్తాం. కారు సగం మునిగి ఆగుతుంది. ఆ క్షణంలో మన మనసు “మునుగు, మునుగు” అంటుంది. హత్యని చూసి కెవ్వుమన్న మనమే రెండు నిమిషాల్లో దాన్ని దాచిపెట్టేవాడి పక్షాన నిలబడ్డాం. ఆ సినిమాలో నాకు నిజంగా భయం వేసింది ఇక్కడ. హిచ్‌కాక్ నెత్తురు తక్కువ చూపించాడన్నది నిజమే. కానీ చిందిన ఆ కాస్త నెత్తురుని ఎవరో ఒకరు తుడవాలని ఆయన మర్చిపోలేదు.

నేను అడగాలంటున్న ప్రశ్న ఇదే. ఎంత చిందింది అని కాదు, చిందాక దాని సంగతి ఎవరు చూశారు అని.

*

‘సైకో’ వచ్చిన మూడేళ్ళకి, 1963లో, హెర్షెల్ గోర్డన్ లూయిస్ ‘బ్లడ్ ఫీస్ట్’ తీశాడు. ఈయన ఒకప్పుడు కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాడు. నిర్మాత డేవిడ్ ఫ్రీడ్‌మన్‌తో కలిసి మయామీలో, పాతిక వేల డాలర్ల లోపు ఖర్చుతో, కొద్ది రోజుల్లో చుట్టేశాడు. పెద్ద స్టూడియోలు చేయలేనిది, చేయడానికి సిగ్గుపడేది ఏముందా అని ఆలోచించి గోర్‌ని ఎంచుకున్నాడు. ఒక హంతకుడు, వరసగా హత్యలు, ప్రతి హత్యకీ ఒక అవయవం. నాలుక పీకే సీనుకి గొర్రె నాలుక వాడారు. హాళ్ళ దగ్గర ప్రేక్షకులకి వాంతి సంచులు పంచిపెట్టారు. పెట్టిన ఖర్చుకి ఎన్నో రెట్లు వచ్చింది.

లూయిస్ తన సినిమాని వాల్ట్ విట్మన్ కవితతో పోల్చేవాడు. గొప్పదేం కాదు, కానీ ఆ రకంలో మొదటిది అని. ఇంత నిజాయితీ ఉన్న దర్శకుణ్ణి తిట్టబుద్ధి కాదు. తర్వాత ఆయన అడ్వర్టైజింగ్ రంగంలో పేరు తెచ్చుకుని డైరెక్ట్ మార్కెటింగ్ మీద పుస్తకాలు రాశాడంటే అందులో వింతేమీ లేదు. ‘బ్లడ్ ఫీస్ట్’లో రక్తం ఒక సరుకు. టికెట్ కొన్నందుకు తూకం వేసి ఇచ్చారు. ఒక్క హత్య కూడా తర్వాతి సీను మీద బరువు వేయదు. ఇప్పుడు చూస్తే భయమూ వేయదు, అసహ్యమూ వేయదు, కొంచెం నవ్వొస్తుంది. నెత్తురు ఎక్కువైనందువల్ల కాదు. ఆ చచ్చినవాళ్ళు ఎవరికీ ఏమీ కారు గనక.

ఇంకో అయిదేళ్ళకి, 1968 అక్టోబరులో, పిట్స్‌బర్గ్ నుంచి జార్జి రొమేరో ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’తో వచ్చాడు. బడ్జెట్టు లక్షా పద్నాలుగు వేల డాలర్ల దాకా. ఇక్కడా చాక్లెట్ సిరపే. పెట్టుబడి పెట్టినవాళ్ళలో ఒకాయనది మాంసం వ్యాపారం కావడంతో పేగులు మాత్రం నిజమైనవి దొరికాయి. పొలాల మధ్య ఒక ఇల్లు, బయట లేచొచ్చిన శవాలు, లోపల ఏడుగురు మనుషులు.

అమెరికాలో వయసుని బట్టి రేటింగ్ ఇచ్చే పద్ధతి ఆ నవంబరులో మొదలైంది. ఒక నెల ముందే వచ్చిన ఈ సినిమాకి మధ్యాహ్నం ఆటలకు పిల్లలు వెళ్ళిపోయారు. 1969 జనవరిలో సమీక్షకుడు రోజర్ ఎబర్ట్ రాసిన వ్యాసం సినిమా కంటే ఆ పిల్లల గురించే ఎక్కువ చెబుతుంది. మొదట్లో వాళ్ళు మామూలుగా హారర్ సినిమాకి అరిచినట్టే సరదాగా అరిచారట. ఒక దశ దాటాక హాలు నిశ్శబ్దమైపోయిందట. తొమ్మిదేళ్ళుండవచ్చు ఒక పాప, సీట్లో కదలకుండా కూర్చుని ఏడుస్తోందట.

ఆ పాప రక్తం చూసి ఏడవలేదని నా అనుమానం. ఆ సినిమాలో అప్పటిదాకా ఉన్న నియమాలన్నీ తప్పాయి. మంచి జంట కాలి చచ్చిపోయింది, శవాలు వాళ్ళని తిన్నాయి. ఒక చిన్నపిల్ల లేచి సొంత తల్లిని తాపీతో పొడిచి చంపింది. చివరికి రాత్రంతా అందరికోసం నిలబడిన బెన్ ఒక్కడే మిగిలాడు. తెల్లారి వచ్చిన పోలీసులూ వాలంటీర్లూ అతణ్ణి కూడా శవమనుకుని నుదుట కాల్చారు. బెన్ పాత్ర వేసిన డ్వేన్ జోన్స్ నల్లజాతి నటుడు. సినిమా పేర్లు పడేటప్పుడు కనిపించేది గరుకైన స్టిల్ ఫోటోలు. మాంసపు కొక్కేలతో అతని శవాన్ని లాగి చితి మీద వేస్తారు. పత్రికల్లో వచ్చే లించింగ్ ఫోటోల్లా ఉంటాయి అవి. ప్రింటు తీసుకుని కారులో న్యూయార్క్ వెళుతుంటే మార్టిన్ లూథర్ కింగ్ హత్య వార్త రేడియోలో విన్నామని రొమేరో తర్వాత చాలాసార్లు చెప్పాడు.

ఇక్కడ తుడిచేవాళ్ళు ఉన్నారు. తుపాకులు పట్టుకుని, కాఫీ తాగుతూ, జోకులేసుకుంటూ తుడుస్తున్నారు. సినిమాలో పేగులు తినే శవాలకంటే ఆ తుడిచే మనుషులే భయంకరంగా ఉన్నారు. కానీ ఆ పేగుల సీను లేకుండా ఈ చివర పనిచేసేది కాదు. శరీరాన్ని మాంసంగా చూడటం ఎలా ఉంటుందో ముందు శవాల చేత చూపించాడు, తర్వాత అదే చూపుని బతికున్న మనుషుల కళ్ళల్లో పెట్టాడు. బీభత్సం నుంచి భయానకం పుట్టడమంటే ఇదే అనుకుంటాను.

*

టోబీ హూపర్ 1974లో తీసిన ‘ద టెక్సస్ చైన్‌ సా మాసకర్’ది విచిత్రమైన కేసు. పేరు వింటేనే రక్తం కారుతుంది. సినిమాలో రక్తం చాలా తక్కువ. పిల్లలు పెద్దలతో కలిసి చూడదగ్గ రేటింగ్ వస్తుందేమోనని హూపర్ ఆశపడ్డాడు కూడా.

బెంగళూరులో ముగ్గురం ఒక ఫ్లాట్‌లో ఉన్న రోజుల్లో లాప్‌టాప్‌లో చూశాం. మర్నాడు టీ తాగుతూ మాట్లాడుకుంటుంటే, అమ్మాయిని కొక్కేనికి తగిలించే సీనులో ఇనుము వీపులోకి దిగడం తను చూశానని మావాడొకడు ఒట్టేశాడు. మళ్ళీ పెట్టి చూశాం. లేదు. కొక్కెం ఉంది, ఎత్తడం ఉంది, ఆమె మొహం ఉంది. మిగతాది వాడే కలుపుకున్నాడు. బ్రిటన్‌లో సెన్సారువాళ్ళదీ ఇదే బాధ. కత్తిరిద్దామంటే కత్తిరించడానికి ఫలానా ముక్క అంటూ లేదు. ఎక్కడ కోసినా ఆ వాతావరణం అలాగే ఉండిపోయింది. అందుకని ఏళ్ళ తరబడి సర్టిఫికెట్ ఇవ్వకుండా పెట్టి, 1999లో ఒక్క కోత లేకుండా వదిలారు.

ఇది ‘చూపించొద్దు’ పార్టీ గెలుపులా కనిపిస్తుంది. పూర్తిగా కాదు. ఎముకలతో చేసిన కుర్చీలు, కోళ్ళ ఈకలు, ఎండలో కుళ్ళుతున్న మాంసం, ఏప్రాన్ కట్టుకుని వంటింట్లో పని చేసుకునే హంతకుడు. భరతుడి లెక్కలో ఇది క్షోభజం కాదు, ఉద్వేగి. రక్తం తగ్గింది గానీ జుగుప్స తగ్గలేదు. ఆ కుటుంబం కబేలాలో పనిచేసి, కొత్త పద్ధతులొచ్చి పని పోగొట్టుకున్నది. వాళ్ళకి మనుషులు పశువులు. శుభ్రం చేయడం, వండటం, అమ్మడం, అన్నీ ఒక ఇంటి రోజువారీ పనుల్లా సాగుతాయి. సినిమా ఆ పనిని చూపించింది, అందుకే గాయాన్ని చూపించాల్సిన అవసరం పడలేదు.

ఒకే చేత్తో చేసిన రెండు రకాల పనులు పోల్చాలంటే మేకప్ కళాకారుడు టామ్ సవీనీ ఉన్నాడు. ఆయన వియత్నాం యుద్ధంలో ఆర్మీ ఫోటోగ్రాఫర్. అక్కడ చూసిన శరీరాలే తర్వాత ఆయనకు పాఠ్యపుస్తకం. 1978లో రొమేరో తీసిన ‘డాన్ ఆఫ్ ద డెడ్’కీ, 1980లో వచ్చిన ‘ఫ్రైడే ద థర్టీన్త్’కీ ఆయనే పనిచేశాడు. రెంటిలోనూ గోర్ పనితనం మొదటి రకం.

‘డాన్’లో రోజర్ అనేవాణ్ణి కాలి మీద శవం కరుస్తుంది. చూపించింది కొద్ది క్షణాలే, కానీ ఆ కాటు సినిమాలో చాలాసేపు బతుకుతుంది. జ్వరం వస్తుంది, కాలు పనికిరాకుండా పోతుంది. మళ్ళీ లేవకుండా ఉండటానికి ప్రయత్నిస్తానని స్నేహితుడికి చెప్పి చచ్చిపోతాడు. స్నేహితుడు తుపాకీ పట్టుకుని ఎదురుగా కూర్చుంటాడు, దుప్పటి కదులుతుందా లేదా అని. అక్కడ చూపించే రక్తం లేదు, భయం మాత్రం నిండా ఉంది. కాటు చూశాం గనకే ఆ ఎదురుచూపు బరువు తెలుస్తుంది.

‘ఫ్రైడే’లో మంచం కింద నుంచి బాణం వచ్చి కెవిన్ బేకన్ గొంతులోంచి బయటికొస్తుంది. ట్రిక్ అద్భుతం. ఎలా చేశారో కనుక్కోవాలనిపిస్తుంది. ఆ కుర్రాడు మాత్రం మళ్ళీ గుర్తుకురాడు. సినిమాకే గుర్తులేదు, మనకెందుకుంటుంది? తర్వాత వరసగా సీక్వెల్స్ వచ్చాయి, చూసేవాళ్ళు ఈసారి ఎంతమంది, ఎన్ని రకాలుగా అని లెక్కపెట్టడం నేర్చుకున్నారు. లెక్కలోకి దిగాక ఎవరూ భయపడరు.

*

‘చూపించొద్దు’ అనేవాళ్ళకి నేను ఇచ్చే జవాబు జాన్ కార్పెంటర్ 1982లో తీసిన ‘ద థింగ్’. అంటార్కిటికాలో పన్నెండుమంది మగవాళ్ళు, వాళ్ళ మధ్య ఎవరి రూపమైనా ధరించగల ఒక జీవి. ఎఫెక్ట్స్ చేసిన రాబ్ బాటిన్‌కి అప్పటికి ఇరవై రెండేళ్ళు. పదిహేను లక్షల డాలర్ల దాకా ఎఫెక్ట్స్‌కే పోయాయి. ‘ఈ.టీ.’ వచ్చిన రెండు వారాలకి జూన్ 25న విడుదలైంది. ప్రేమగల గ్రహాంతరవాసిని చూసి కళ్ళు తుడుచుకుంటున్న జనానికి ఇది నచ్చలేదు. సమీక్షకులు చీదరించుకున్నారు. గోర్ కథని మింగేసిందన్నారు.

ఇప్పుడు చూడండి. గుండెపోటు వచ్చినవాడికి డాక్టర్ షాక్ ఇస్తుంటే ఛాతీ నోరులా తెరుచుకుని డాక్టర్ చేతుల్ని కొరికేస్తుంది. తల మెడనుంచి సాగి తెగి, కాళ్ళు మొలిపించుకుని పాక్కుంటూ పోతుంది. ఇంతకంటే ఎక్కువ చూపించడం అప్పట్లో ఎవరివల్లా కాలేదు. కానీ హీరో మాక్‌రెడీ ఆ దృశ్యంలోంచి ఒక విషయం పట్టుకుంటాడు. తెగిన తల విడిగా పారిపోవాలని చూసిందంటే, దానిలో ప్రతి ముక్కా ఒక పూర్తి జీవి. అలాగైతే రక్తపు చుక్క కూడా. కాల్చిన తీగ తగిలిస్తే అది తనని తాను కాపాడుకోవాలని చూస్తుంది.

తర్వాతి సీను రక్తపరీక్ష. మనుషుల్ని కట్టేసి, వేళ్ళు కోసి, గాజు గిన్నెల్లో కాస్త కాస్త రక్తం తీసి, ఒక్కొక్క గిన్నెలో వేడి తీగ పెడతాడు. గది నిశ్శబ్దం. ఆ సినిమాలో భయంతో ఊపిరి బిగపట్టేది ఈ కాసిని చుక్కల దగ్గర. రోజూ ఎర్రర్ లాగ్ చదివి ఎక్కడ తప్పిందో వెతికే పని నాది కాబట్టి ఈ సీను అంటే నాకు మరీ ఇష్టమేమో. ముందు సీనులోని బీభత్సమంతా ఇక్కడ సమాచారమైంది. అదంతా నీడల్లో దాచి ఉంటే మాక్‌రెడీకి ఆ ఆలోచన రాదు, వచ్చినా మనం నమ్మం.

మన దగ్గర ఇదంతా వేరే దారి పట్టింది. తెలుగులో దెయ్యాల సినిమాల సామగ్రి పసుపు, కుంకుమ, నిమ్మకాయ, ముగ్గు, సగం తెరిచిన తలుపు. రామ్‌గోపాల్ వర్మ 1992లో తీసిన ‘రాత్రి’ కూడా ఎక్కువగా కెమెరా కదలికతోనూ శబ్దంతోనూ భయపెట్టిన సినిమా. నెత్తురంతా ఫ్యాక్షన్ సినిమాలకి పోయింది. 1999లో ‘సమరసింహారెడ్డి’ తర్వాత కొన్నేళ్ళపాటు వేటకొడవళ్ళతో ఎన్ని తలలు తెగాయో లెక్కలేదు. చూస్తూ ఈలలేశాం. ఒక ఊరి వీధిలో అంతమంది పడిపోయాక ఆ వీధి కడిగిందెవరు అని ఆ సినిమాలు అరుదుగా అడిగాయి. మరుసటి సీను పాట. అది వీరరసమనుకున్నాం గనక ఎవరికీ అసహ్యం కలగలేదు. రక్తం మనల్ని బాధపెట్టకుండా ఉండటానికి అంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది?

*

ఇదంతా సినిమా రుచుల గొడవే అయితే ఇంత రాయక్కర్లేదు. 1980లో ఇటలీ దర్శకుడు రుజ్జేరో దేవదాతో తీసిన ‘కానిబల్ హోలోకాస్ట్’ని అక్కడి అధికారులు జప్తు చేశారు. నటుల్ని నిజంగా చంపాడన్న అనుమానం మీద ఆయన వాళ్ళని బతికున్నారని చూపించుకోవాల్సి వచ్చింది. నటులు బతికే ఉన్నారు. సినిమాలో చచ్చిన జంతువులు మాత్రం నిజంగానే చచ్చాయి. నకిలీ రక్తం గురించి అంత గోల జరిగింది, నిజం రక్తం కెమెరా ముందే ప్రవహించింది. బ్రిటన్‌లో 1984లో వీడియో సినిమాల మీద చట్టం తెచ్చారు. ఆ రోజుల్లో ప్రాసిక్యూటర్లు తయారుచేసిన జాబితాల్లో మొత్తం 72 సినిమాలున్నాయి. ఈ సినిమా కూడా వాటిలో ఒకటి.

ఇప్పుడు ఆ నిజం రక్తం మన జేబులో ఉంది. ఈమధ్య మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఒక రోడ్డు ప్రమాదం సీసీటీవీ క్లిప్ వచ్చింది. పంపినాయన రెండు దండాలు పెట్టి, జాగ్రత్తగా నడపండి అని రాశాడు. కింద ఒకాయన “గ్రాఫిక్సా?” అని అడిగాడు. నా కన్ను కూడా ముందు ఆ పనే చేసింది, రక్తం రంగు సరిగ్గా ఉందా అని. వియత్నాంలో భరించలేని దృశ్యాల ముందు నిలబడినప్పుడు సవీనీ వాటిని స్పెషల్ ఎఫెక్ట్స్ అనుకుని చూశానని చెప్పాడు. ఆయనకి అది బతకడానికి అవసరమైన పని. డ్యూటీకి బయల్దేరుతూ కాఫీ చేతిలో పట్టుకున్న మనకి ఆ అవసరం ఏముంది?

అందుకే గోర్ సినిమాని బాగుచేస్తుందా, పాడుచేస్తుందా అన్న ప్రశ్న నాకు చిన్నదిగా కనిపించదు. తెగిన చెయ్యి ఒక మనిషిది అని గుర్తుచేసే సినిమాలో అది ఎంతున్నా ఎక్కువ కాదు. చెయ్యి ఎలా తెగిందన్న తమాషా మాత్రమే మిగిలే సినిమాలో ఒక్క చుక్క కూడా ఎక్కువే. 2024లో ‘టెర్రిఫయర్ 3’ రేటింగ్ లేకుండానే అమెరికాలో వారాంతం వసూళ్ళలో మొదటి స్థానంలో నిలిచింది. అంటే సరుకుకి గిరాకీ ఏమీ తగ్గలేదు. చూసేవాళ్ళని నేను తప్పుపట్టను, నేనూ చూశాను. చూస్తూ ఒక ప్రశ్న దగ్గర పెట్టుకుంటానంతే.

మన సాహిత్యంలో దానికి చాలా పాత జవాబు ఒకటుంది. భారత యుద్ధం అయిపోయాక వచ్చేది స్త్రీపర్వం. తెలుగులో తిక్కన రాశాడు. అందులో ఒక్క బాణం కూడా ఎగరదు. గాంధారి, కోడళ్ళు, మిగతా ఆడవాళ్ళు యుద్ధభూమిలోకి నడిచి వెళ్తారు. నక్కలు, గద్దలు, తలల్లేని మొండేలు, మొండేల్లేని తలలు. భూరిశ్రవుడి భార్య భర్త తెగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంది. బీభత్సం ఇంతకంటే ఉండదు. కానీ ఆ చెయ్యి ఎవరిదో ఆమెకి తెలుసు, ఆ చెయ్యి తనని ఎలా తాకేదో కూడా తెలుసు. యుద్ధం చేసినవాళ్ళు పద్దెనిమిది రోజుల్లో పని ముగించుకున్నారు. ఆ తర్వాతి పని ఆడవాళ్ళ మీద పడింది.